సంతలో స్పానిష్: తెలిసిన భాషలతో తెలియని భాషలోకి

భిలాయ్‌లో సుపేలా ఆదివారం సంతకు వెళ్ళినప్పుడు ఒకసారి చెవులు రిక్కించి వినండి. ఒకే గంప ముందు నిలబడి ఒకరు "టమాటర్ కైసే దియా?" అని హిందీలో అడుగుతారు. పక్కనున్నావిడ ఛత్తీస్‌గఢీలో "పతాల్" అంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమైతే తమలో తాము "టమాటాలు బాగున్నాయి, కిలో తీసుకుందాం" అనుకుంటారు. గంప ముందు కూర్చున్న మనిషి ఈ ముగ్గురికీ తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఆమె ఏ వ్యాకరణ పుస్తకమూ చదివి ఉండకపోవచ్చు. అయినా మూడు భాషల్లో ధర చెప్పగలదు, బేరమాడగలదు, చిల్లర లెక్కపెట్టగలదు.

ఇదే ఊళ్ళో చదువుకుంటున్న విద్యార్థిని "స్పానిష్ నేర్చుకుంటావా?" అని అడిగితే, "తెలుగు ఇంట్లోనే అంతంతమాత్రం, ఇంగ్లీషే సరిగా రాదు, ఇంక స్పానిష్ ఎక్కడ?" అనే జవాబు రావచ్చు. ఈ భయం ఎంతవరకు సమంజసం? రెండు మూడు భాషల మధ్య పెరిగినవారికి కొత్త భాష బరువవుతుందా, తేలికవుతుందా? స్పానిష్‌లో బజారుకు వెళ్ళి సరుకులు కొనడానికి కావలసిన కొద్దిపాటి మాటలు, వ్యాకరణం తీసుకుని ఈ ప్రశ్నను పరీక్షిద్దాం.

స్పానిష్ దాదాపు 20 దేశాలలో అధికార భాష. స్పెయిన్‌తోపాటు మెక్సికో, కొలంబియా, పెరు, చిలీ, అర్జెంటీనా, క్యూబా వంటి దేశాలన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. ఇది మాతృభాషగా ఉన్నవారు నలభై ఐదు కోట్లకు పైమాటే.

భిలాయ్‌కి ఇది కొత్త కాదు

విదేశీ భాష అవసరంకొద్దీ నేర్చుకోవడం ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన అలవాటు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఈ మధ్య కాలంలో సోవియట్ నిపుణులు ఇక్కడికి వచ్చారు. మన ఇంజనీర్లు శిక్షణ కోసం సోవియట్ కర్మాగారాలకు వెళ్ళారు. దుబాసీలు ఇద్దరి మధ్య నిలబడ్డారు. దేశం నలుమూలల నుంచి పనికోసం వచ్చినవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి హిందీ నేర్చారు. అలా వచ్చినవారిలో తెలుగువారు కూడా చాలామందే ఉన్నారు. ఆ తర్వాత 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. ఊరు మాత్రం అప్పటికే "చిన్న భారతదేశం"గా పేరు పడిపోయింది.

ఇక్కడ పెరిగిన తెలుగు విద్యార్థి చేతిలో రెండు వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలున్నాయి. తెలుగు ద్రావిడ భాష. హిందీ, ఛత్తీస్‌గఢీ ఇండో యూరోపియన్ భాషలు. స్పానిష్ కూడా ఇండో యూరోపియన్ భాషే, లాటిన్ నుంచి పుట్టింది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉంటుందని చెప్పారు. అంటే హిందీకి, స్పానిష్‌కు దూరపు చుట్టరికం ఉంది. తెలుగుకు ఆ చుట్టరికం లేదు. కాని చుట్టరికం లేకపోయినా పోలికలు ఉండవచ్చు. ఆ పోలికలే మనకు పనికొస్తాయి.

తెలుగు లిపి చేసే సాయం

ముందు ఉచ్చారణ సంగతి చూద్దాం. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషులో ఒకే అక్షరం పది రకాలుగా పలికినట్టు ఇక్కడ పలకదు. ఏ అక్షరం ఎక్కడున్నా దాదాపు ఒకేలా పలుకుతుంది. స్పానిష్‌లోని త, ద అనే హల్లులు మన త, ద లాగే నాలుక పళ్ళను తాకుతూ పలికేవి. ఇంగ్లీషువాళ్ళు స్పానిష్ నేర్చుకునేటప్పుడు ఇక్కడే "ట, డ" అంటూ తడబడతారు. మనకు ఆ బాధ లేదు.

స్పానిష్ అచ్చులకు మనలాగా హ్రస్వ, దీర్ఘ భేదం లేదు. దానికి బదులు ప్రతి మాటలో ఒక అచ్చును నొక్కి పలకాలి. ఈ వ్యాసంలో నొక్కి పలకవలసిన అచ్చును దీర్ఘంగా రాశాం. ఉదాహరణకు "తొమాతె" అన్నప్పుడు "మా" దగ్గర ఒత్తు పడాలి. తొమాతె అంటే మన టమాటాయే.

మరికొన్ని చిన్న సూచనలు. స్పానిష్ రాతలో "హెచ్" ఉన్నా పలకరు. "జె" అక్షరాన్ని గొంతులోంచి వచ్చే "హ"గా పలుకుతారు. "వి" అక్షరం "బ"గా వినిపిస్తుంది. "జెడ్" అక్షరాన్ని లాటిన్ అమెరికాలో "స" అనీ, స్పెయిన్‌లో చాలాచోట్ల నాలుక పళ్ళ మధ్య పెట్టి గాలి వదులుతూనూ పలుకుతారు. ఇక్కడ లాటిన్ అమెరికా పలుకుబడినే తీసుకున్నాం.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది "ర". మనం "కర", "కర్ర" అనే మాటలను వేర్వేరుగా పలుకుతాం. మొదటిదానిలో నాలుక ఒక్కసారి తగులుతుంది, రెండోదానిలో వణుకుతుంది. స్పానిష్‌లోనూ సరిగ్గా ఇదే తేడా. "కారొ" అంటే ఖరీదైనది. "కార్రొ" అంటే లాటిన్ అమెరికాలో చాలాచోట్ల కారు. దుకాణంలో "ఎస్ కారొ" అంటే "ఇది ఖరీదు" అని అర్థం. నాలుక కాస్త ఎక్కువ వణికితే "ఇది కారు" అన్నట్టవుతుంది! ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఈ వణుకు కోసం చాలాకాలం సాధన చేస్తారు. మీరు గుర్రం, బుర్ర, జర్రిపోతు అంటూ చిన్నప్పటినుంచే చేస్తున్నారు.

అంగట్లో పాత పరిచయస్తులు

ఇక మాటలు. స్పానిష్ కిరాణా కొట్టులో అడుగుపెడితే మీకు పరిచయమున్న ముఖాలు కొన్ని కనబడతాయి.

నారింజను స్పానిష్‌లో "నరాంహ" అంటారు. ఇది యాదృచ్ఛికం కాదు. సంస్కృత "నారంగ" పదం పర్షియన్‌లో "నారంగ్" అయి, అరబిక్‌లో "నారంజ్" అయి, స్పెయిన్ చేరింది. ఈ మాటకు మొదటి పుట్టిల్లు ద్రావిడ భాషలే అయి ఉంటాయని చాలామంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. పంచదారను "అసూకర్" అంటారు. సంస్కృత "శర్కర" పర్షియన్‌లో "శకర్", అరబిక్‌లో "సుక్కర్" అయింది. దాని ముందు అరబిక్ ఉపపదం చేరి "అస్‌సుక్కర్" అయింది. క్రీ.శ. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగాన్ని అరబిక్ మాట్లాడే పాలకులు ఏలారు. అందువల్లనే స్పానిష్‌లో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. బియ్యానికి "అర్రోస్" అన్న పేరు కూడా అరబిక్ "అర్‌రుజ్జ్" నుంచే వచ్చింది.

చొక్కాను "కమీస" అంటారు. హిందీలో "కమీజ్" గుర్తుకు వచ్చిందా? సబ్బు "హబోన్". మన సబ్బు, హిందీ సాబున్, స్పానిష్ హబోన్ వేర్వేరు దారుల్లో నడిచిన అన్నదమ్ములు.

కొన్ని మాటలు ఎదురు దారిలో వచ్చాయి. 1519-21 మధ్య స్పెయిన్ సైనికులు మెక్సికోలోని ఆజ్టెక్ రాజ్యాన్ని జయించారు. అక్కడివారి నావాత్ల్ భాషలో "తొమాత్ల్" అనే పండు ఉండేది. స్పానిష్‌లో అది "తొమాతె" అయింది, ఇంగ్లీషులో "టొమాటో" అయింది, మన సంతలో "టమాటా" అయి కూర్చుంది. చాక్లెట్ అన్న మాటకు మూలం కూడా ఆ భాషే. మీకు ఇప్పటికే కొంత స్పానిష్ వచ్చునన్నమాట.

పదాలకు లింగం: హిందీ అనుభవం పనికొస్తుంది

తెలుగులో బల్ల, చొక్కా, ఉల్లిపాయ అన్నీ "అది"యే. వస్తువులలో ఆడ, మగ తేడా లేదు. స్పానిష్‌లో ప్రతి నామవాచకం పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. పుంలింగం ముందు "ఎల్", స్త్రీలింగం ముందు "ల" చేరుతుంది. బహువచనంలో అవి "లొస్", "లస్" అవుతాయి.

ఎల్ తొమాతె (టమాటా), లొస్ తొమాతెస్ (టమాటాలు)
ల సెబోయ (ఉల్లిపాయ), లస్ సెబోయస్ (ఉల్లిపాయలు)
ఎల్ సపాతొ (బూటు), లొస్ సపాతొస్ (బూట్లు)
ల కమీస (చొక్కా), లస్ కమీసస్ (చొక్కాలు)

"ఒ"తో ముగిసే మాటలు చాలావరకు పుంలింగం, "అ"తో ముగిసేవి చాలావరకు స్త్రీలింగం. అయితే మినహాయింపులున్నాయి: "దీయ" (రోజు) పుంలింగం, "మానొ" (చేయి) స్త్రీలింగం.

కేవలం తెలుగు, ఇంగ్లీషు తెలిసినవారికి ఇది వింతగా తోస్తుంది. భిలాయ్ విద్యార్థికి తోచదు. "కాలా జూతా, కాలీ కమీజ్" అని హిందీలో విశేషణాన్ని మార్చడం అతనికి అలవాటే. స్పానిష్‌లోనూ అంతే. నల్ల బూటు "సపాతొ నేగ్రొ", నల్ల చొక్కా "కమీస నేగ్ర". బహువచనమైతే విశేషణం కూడా బహువచనం కావాలి: "సపాతొస్ నేగ్రొస్", "కమీసస్ నేగ్రస్". ఒక తేడా గమనించండి. తెలుగు, హిందీలలో విశేషణం ముందు వస్తుంది. స్పానిష్‌లో రంగును తెలిపే విశేషణం మామూలుగా వెనక వస్తుంది.

ఇక్కడొక ప్రమాదం ఉంది. హిందీలో ఏ లింగమో స్పానిష్‌లోనూ అదే అనుకోకూడదు. కమీజ్, కమీస రెండూ స్త్రీలింగమే. చావల్, అర్రోస్ రెండూ పుంలింగమే. కాని హిందీలో ప్యాజ్ పుంలింగం, స్పానిష్ సెబోయ స్త్రీలింగం. హిందీలో కితాబ్ స్త్రీలింగం, స్పానిష్‌లో పుస్తకం "ఎల్ లీబ్రొ", పుంలింగం. హిందీ మీకు నేర్పింది "వస్తువుకు లింగం ఉంటుంది, విశేషణం దాన్ని అనుసరించాలి" అన్న పద్ధతిని. ఏ మాటకు ఏ లింగమో విడిగా నేర్చుకోవలసిందే. అందుకు తేలిక మార్గం ఏమిటంటే, "సెబోయ" అని విడిగా కాక "ల సెబోయ" అని జతగా గుర్తుపెట్టుకోవడం.

నాకు నచ్చింది: తెలుగు చేసే పెద్ద సాయం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దుకాణంలో తరచు వాడే మాట "నచ్చింది, నచ్చలేదు." ఇంగ్లీషులో ఈ భావానికి "నేను" కర్త అవుతుంది, చొక్కా కర్మ అవుతుంది. తెలుగులో అలా కాదు. "నాకు ఈ చొక్కా నచ్చింది" అంటాం. నచ్చే పని చొక్కాది. నేను "నాకు" అయ్యాను. చొక్కాలు ఎక్కువైతే క్రియ మారుతుంది: "నాకు ఈ చొక్కాలు నచ్చాయి."

స్పానిష్‌లో వాక్యం చూడండి.

మె గూస్త ఏస్త కమీస. (నాకు ఈ చొక్కా నచ్చింది.)
మె గూస్తన్ ఏస్తస్ కమీసస్. (నాకు ఈ చొక్కాలు నచ్చాయి.)

"మె" అంటే "నాకు". "గూస్త" ఏకవచనం, "గూస్తన్" బహువచనం. క్రియ మారింది చొక్కాలను బట్టి, నన్ను బట్టి కాదు. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవారు మొదట్లో బాగా తికమకపడే చోటు ఇది. ఎందుకంటే వారి వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి. తెలుగు విద్యార్థి దేన్నీ తలకిందులు చెయ్యనక్కరలేదు. హిందీ "ముఝే పసంద్ హై" కూడా ఇదే దారిలో నడుస్తుంది.

దుకాణంలో ఇదే అచ్చులో పోసిన వాక్యాలు ఇంకా ఉన్నాయి.

నొ మె గూస్త. (నాకు నచ్చలేదు.)
మె కేద గ్రాందె. (నాకు పెద్దదైంది. చొక్కా తొడిగి చూసినప్పుడు అనే మాట.)
మె ఫాల్తన్ సీంకొ పేసొస్. (నాకు ఐదు పెసోలు తక్కువయ్యాయి.)

మూడింటిలోనూ "నాకు" ఉంది, మూడింటిలోనూ "మె" ఉంది. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా సాగదీయకూడదు. "నాకు కావాలి" అనడానికి మనం "నాకు" వాడతాం, కాని స్పానిష్ వాడదు. అక్కడ "క్యేరొ" అంటారు, అంటే "కోరుతున్నాను" అని. మరింత మర్యాదగా అడగాలంటే "కిస్యేర" అనాలి.

"క్యేరొ"లో "నేను" ఎక్కడుంది? చివరి "ఒ"లో ఉంది. మనం "కొంటాను, కొంటావు, కొంటాము" అన్నప్పుడు ఎవరో చెప్పకపోయినా క్రియ చివరి అక్షరమే చెబుతుంది కదా. స్పానిష్‌లో కొనడానికి సంబంధించిన రూపాలు చూడండి: కోంప్రొ (కొంటాను), కోంప్రస్ (కొంటావు), కొంప్రామొస్ (కొంటాము), కోంప్రన్ (కొంటారు). అందుకే తెలుగులోలాగే స్పానిష్‌లోనూ "నేను", "మేము" అనే మాటలను తరచు వదిలేస్తారు. "కొంటాము"లో "ము", "కొంప్రామొస్"లో "మొస్" ఒకేలా వినిపించడం మాత్రం కాకతాళీయం. దాన్నిబట్టి రెండు భాషలకు చుట్టరికం కలపకూడదు.

నువ్వు, మీరు భేదం కూడా మనకు తెలిసినదే. స్పానిష్‌లో "తూ" అంటే నువ్వు, "ఉస్తేద్" అంటే మీరు. "వుఎస్త్ర మెర్సెద్", అంటే "తమ దయ" వంటి పాత గౌరవ సంబోధన అరిగి అరిగి "ఉస్తేద్" అయింది. తెలియని దుకాణదారుతో "ఉస్తేద్" రూపం వాడటం మంచిది. "త్యేనె సెబోయస్?" అంటే "మీ దగ్గర ఉల్లిపాయలున్నాయా?" అని.

ఇది, అది, అదిగో అది

వేలు చూపి అడగడం బజారులో అందరూ చేసే పని. మనకు "ఇది, అది" రెండే ఉన్నాయి. స్పానిష్‌లో మూడున్నాయి. నా దగ్గరున్నది "ఏస్తె", మీ దగ్గరున్నది "ఏసె", ఇద్దరికీ దూరంగా ఉన్నది "అకేల్". స్త్రీలింగంలో ఇవి ఏస్త, ఏస, అకేయ అవుతాయి.

ఈ మూడు మెట్ల అమరిక మనకు పూర్తిగా పరాయిది కాదు. మూల ద్రావిడ భాషలో ఇ, ఉ, అ అని మూడు నిర్దేశక రూపాలుండేవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ప్రాచీన తమిళంలో మూడూ కనిపిస్తాయి. తెలుగులో కాలక్రమాన మధ్యది వాడుకలోంచి జారిపోయింది.

అంకెలు: లెక్క తప్పితే డబ్బు పోతుంది

ధర అడగడం తేలిక. చెప్పిన ధర అర్థం చేసుకోవడమే కష్టం. కాబట్టి అంకెలకు ఎక్కువ సమయం కేటాయించండి.

1 ఊనొ, 2 దోస్, 3 త్రేస్, 4 క్వాత్రొ, 5 సీంకొ, 6 సేయిస్, 7 స్యేతె, 8 ఓచొ, 9 న్వేబె, 10 ద్యేస్.

దోస్ వినగానే హిందీ "దో", సంస్కృత "ద్వి" గుర్తుకొస్తాయి. త్రేస్‌కు "త్రి", స్యేతెకు "సప్త", న్వేబెకు "నవ", ద్యేస్‌కు "దశ" బంధువులు. విలియం జోన్స్ చెప్పిన చుట్టరికం ఇక్కడ చేతికి దొరుకుతుంది.

11 ఓన్సె, 12 దోసె, 13 త్రేసె, 14 కతోర్సె, 15 కీన్సె. ఇవి కంఠస్థం చెయ్యాలి. 16 నుంచి "పది, ఆరు" అన్న పద్ధతిలో ద్యెసిసేయిస్, ద్యెసిస్యేతె అని సాగుతాయి.

20 బేయింతె, 30 త్రేయింత, 40 క్వరేంత, 50 సింక్వేంత, 60 సెసేంత, 70 సెతేంత, 80 ఒచేంత, 90 నొబేంత, 100 స్యేన్, 1000 మీల్.

31 నుంచి పద్ధతి చాలా క్రమంగా ఉంటుంది. పదులు చెప్పి, "ఇ" (మరియు) అని, ఒకట్లు చెప్పాలి. 35 అంటే "త్రేయింత ఇ సీంకొ". మన "ముప్పై ఐదు" కూడా ఇలాగే కట్టినది. హిందీలో "పైంతీస్" అంటారు, అక్కడ 99 దాకా దాదాపు ప్రతి అంకెను విడిగా గుర్తుపెట్టుకోవాలి. హిందీ అంకెలు దిగమింగినవారికి స్పానిష్ అంకెలు లెక్కలోకి రావు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. సెసేంత 60, సెతేంత 70. తేడా ఒక్క హల్లు. "సేయిస్"లో "స" ఉంది కనుక సెసేంత, "స్యేతె"లో "త" ఉంది కనుక సెతేంత అని గుర్తుపెట్టుకోండి.

రాతలో మరో ఉచ్చు ఉంది. స్పెయిన్‌లోనూ దక్షిణ అమెరికాలో చాలా దేశాలలోనూ దశాంశ స్థానానికి కామా వాడతారు, వేల దగ్గర చుక్క వాడే అలవాటూ ఉంది. అంటే అర్జెంటీనా దుకాణంలో ధరల చీటీ మీద 1.500 అని ఉంటే అది ఒకటిన్నర పెసో కాదు, పదిహేను వందల పెసోలు. స్పెయిన్‌లో 2,50 అని ఉంటే రెండున్నర యూరోలు. (స్పెయిన్‌లో 2002 నుంచి యూరో నోట్లు, నాణేలు చెలామణిలో ఉన్నాయి.) మెక్సికోలో మాత్రం మనలాగే చుక్కను దశాంశానికి వాడతారు.

సైన్సు విద్యార్థులకు ఇంకొక హెచ్చరిక. స్పానిష్ "మియోన్" అంటే పది లక్షలే. కాని "బియోన్" అంటే ఇంగ్లీషు బిలియన్ కాదు. ఇంగ్లీషు బిలియన్ వంద కోట్లు, స్పానిష్ బియోన్ లక్ష కోట్లు. వంద కోట్లను స్పానిష్‌లో "మీల్ మియోనెస్" అంటారు, అంటే వెయ్యి మిలియన్లు. రెండూ ఒకటే అనుకుంటే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది.

ధర అడుగుదాం

"ఎంత?" అనే ప్రశ్న "క్వాంతొ క్వేస్త?" ఒక వస్తువైతే క్వేస్త, ఎక్కువైతే క్వేస్తన్. "గూస్త, గూస్తన్" లాంటి మార్పే ఇదీ. పైన చెప్పినవన్నీ కలిపి ఒక సంభాషణ చూడండి.

కొనేవారు: బ్వేనొస్ దీయస్. క్వాంతొ క్వేస్తన్ లొస్ తొమాతెస్? (నమస్కారం. టమాటాలు ఎంత?)
అమ్మేవారు: త్రేయింత ఇ సీంకొ పేసొస్ ఎల్ కీలొ. (కిలో ముప్పై ఐదు పెసోలు.)
కొనేవారు: సొన్ ముయ్ కారొస్. త్యేనె ఊనొస్ మాస్ బరాతొస్? (చాలా ఖరీదు. ఇంకా చవకవి ఉన్నాయా?)
అమ్మేవారు: సీ. ఏస్తొస్ క్వేస్తన్ బేయింతె. (ఉన్నాయి. ఇవి ఇరవై.)
కొనేవారు: మె గూస్తన్. క్యేరొ దోస్ కీలొస్, పొర్ ఫబోర్. (నచ్చాయి. దయచేసి రెండు కిలోలు ఇవ్వండి.)
అమ్మేవారు: క్వరేంత పేసొస్. (నలభై పెసోలు.)
కొనేవారు: గ్రాస్యస్. (కృతజ్ఞతలు.)

టమాటాలు బహువచనం కాబట్టి కారొ "కారొస్" అయింది, బరాతొ "బరాతొస్" అయింది, ఏస్తె "ఏస్తొస్" అయింది. ఉల్లిపాయల గురించి మాట్లాడితే ఇవే "కారస్, బరాతస్, ఏస్తస్" కావాలి. ఈ సంభాషణలో వస్తువు పేరు, అంకె మార్చుకుంటూ పోతే మీ అంగడి స్పానిష్ చాలావరకు తయారైనట్టే.

మరచిపోకుండా ఎలా?

పైన ఇచ్చిన మాటలు యాభై దాటుతాయి. ఈ రాత్రి వల్లెవేస్తే రేపటికి ఎన్ని మిగులుతాయి? జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తర్వాత ఎంత గుర్తుందో కొలిచారు. 1885లో ఫలితాలు ప్రచురించారు. మరపు మొదటి గంటల్లో చాలా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా జరుగుతుందని తేలింది. ఒకే రోజు ఎక్కువసార్లు చదవడం కన్నా, కొన్ని రోజుల ఎడంతో చదివితే ఎక్కువ గుర్తుంటుందని కూడా ఆయన గమనించారు.

దీన్ని ఆచరణలో పెట్టే మార్గాన్ని 1972లో జెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత ప్రచారంలోకి తెచ్చారు. చిన్న అట్టముక్కల మీద ఒకవైపు తెలుగు మాట, రెండోవైపు స్పానిష్ మాట రాయండి. ఒక పెట్టెలో ఐదు అరలు చెయ్యండి. అట్టలన్నీ మొదటి అరలో పెట్టండి. తెలుగు చూసి స్పానిష్ చెప్పగలిగితే ఆ అట్ట తర్వాతి అరకు వెళుతుంది. తప్పితే మొదటి అరకు వెనక్కి వస్తుంది. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకోసారి, మూడోది నాలుగు రోజులకోసారి, ఇలా ఎడం పెంచుతూ చూడాలి. కష్టమైన మాట తరచు ఎదురవుతుంది, తేలికైనది అరుదుగా. ఈ రోజుల్లో సెల్‌ఫోన్‌లలో భాష నేర్పే కార్యక్రమాలు చాలావాటికి ఆధారం ఈ సూత్రమే.

తెలుగు వైపు చూసి స్పానిష్ గుర్తు తెచ్చుకోవడం ఇక్కడ కీలకం. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పిక్‌లు విద్యార్థులకు పాఠాలిచ్చి చూశారు. కొందరు పాఠాన్ని మళ్ళీ చదివారు. కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే మెరుగు. వారం తర్వాత పరీక్షిస్తే గుర్తు తెచ్చుకున్నవారే మెరుగు. సంతలో కూరలమ్మే మనిషికి మూడు భాషలు రావడంలో రహస్యం కూడా కొంతవరకు ఇదే. ఆమె ధరల మాటలు చదవదు. ప్రతి కొనుగోలుదారూ వచ్చినప్పుడల్లా, రోజుల ఎడంతో, అవసరం కొద్దీ గుర్తు తెచ్చుకుంటుంది. ప్రతి బేరమూ ఒక చిన్న పరీక్షే.

మీరూ ఈ పని చెయ్యవచ్చు. ఈసారి సంతకు వెళ్ళినప్పుడు అమ్మేవారు హిందీలో చెప్పిన ప్రతి ధరను మనసులో స్పానిష్‌లోకి మార్చండి. కొనే ప్రతి వస్తువును "ఎల్"తోనో "ల"తోనో కలిపి అనుకోండి.

మీరే చేసి చూడండి

1. "ఈ నల్ల చొక్కాలు నాకు నచ్చాయి" అనడం ఎలా?
2. "అర కిలో బియ్యం కావాలి" అనడం ఎలా? (అర: మేద్యొ)
3. 67, 76 చెప్పండి.
4. "ఉల్లిపాయలు కిలో ఎంత?" అన్నప్పుడు క్వేస్త వాడాలా, క్వేస్తన్ వాడాలా?

జవాబులు: 1. మె గూస్తన్ ఏస్తస్ కమీసస్ నేగ్రస్. 2. క్యేరొ మేద్యొ కీలొ దె అర్రోస్. 3. సెసేంత ఇ స్యేతె, సెతేంత ఇ సేయిస్. 4. క్వాంతొ క్వేస్త ఎల్ కీలొ దె సెబోయస్? ధర అడిగింది కిలోది, కిలో ఒక్కటే, కనుక క్వేస్త.

ఏది బరువు, ఏది బలం?

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. స్పానిష్‌లో త, ద, ర్ర పలకడానికి, "నాకు నచ్చింది" అనడానికి, క్రియ చివర కర్తను గుర్తించడానికి, ముప్పై తర్వాత లెక్కించడానికి తెలుగు సాయపడింది. లింగం, విశేషణాల పొంతన, చిన్న అంకెల గుర్తింపు హిందీ నేర్పింది. ఒక్క భాషే వచ్చినవారికి ఈ పనిముట్లలో సగమే దొరుకుతాయి.

భిలాయ్ వంటి ఊళ్ళలో రెండో, మూడో తరం తెలుగు పిల్లలు ఇంట్లో కూడా హిందీకి మారిపోవడం చూస్తున్నాం. "చదువుకు అడ్డం, పిల్లవాడు తికమకపడతాడు" అని తల్లిదండ్రులే కొందరు తెలుగు మానిపిస్తారు. పైన చూసిన ఉదాహరణలు ఈ భయాన్ని బలపరచవు. తెలుగు వదిలిన పిల్లవాడికి ముప్పై ఐదు లెక్క, కర్రలోని "ర్ర", "కొంటాము"లోని "ము" ఎవరూ విడిగా నేర్పరు. అవి ఇంట్లోనే, ఖర్చు లేకుండా, అన్నం పెట్టేటప్పుడు అమ్మమ్మ నోటినుంచే వస్తాయి.

ఆసక్తి ఉన్నవారు ఈ చదువును కొనసాగించే వీలుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ స్పానిష్ బోధిస్తారు. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్‌కు ఢిల్లీలో కేంద్రం ఉంది. ఆ సంస్థ నిర్వహించే "దెలె" పరీక్షల్లో మొదటి మెట్టును "ఎ1" అంటారు. పలకరించడం, ధర అడగడం, అంకెలు అర్థం చేసుకోవడం, కావలసింది చెప్పడం వంటివి ఆ మెట్టులో భాగాలే. వాటిలో కొన్ని మీరు ఈ పాటికే మొదలుపెట్టారు.